లేనా డెల్టా పాత మ్యాపు ఉపగ్రహ చిత్రంతో కలవడం లేదు

పటాలపిచ్చి: సైబీరియాలో లేనా నది లాప్టేవ్ సముద్రంలో కలిసేచోటి సోవియట్ సైనిక పటాలను (2 లక్షల స్కేలు) క్యూజీఐఎస్‌లో (పటాల సాఫ్ట్‌వేర్) సెంటినెల్ ఉపగ్రహ చిత్రం మీద పెట్టాను. డెల్టా మొదట్లో స్తోల్బ్ ద్వీపం చక్కగా కూర్చుంది. ఉత్తరానికి పోయేకొద్దీ పాయలూ ఇసుక తిన్నెలూ తప్పిపోతున్నాయి. ఎవరైనా దీనిమీద పనిచేశారా?

కోనసీమ_కుర్రాడు: అన్నా, డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే ఆధారం) ఏమిచ్చావు? ఆ షీట్లు సోవియట్ డేటమ్ పుల్కోవో 1942 మీద గీసినవి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని ఇస్తే అక్కడ సుమారు వంద మీటర్లు జరుగుతుంది. 2 లక్షల స్కేల్లో అది అర మిల్లీమీటరే కాబట్టి నీ తేడాకి కారణం అది కాదు, అయినా సరిచెయ్యి. 60 డిగ్రీల అక్షాంశం దాటితే రెండేసి షీట్లు కలిపి ఒకటిగా వేస్తారు, మూలల రేఖాంశాలు కూడా చూసుకో.

సర్వేరాయి: చిత్రం ఏ నెలది? జూన్‌దైతే మార్చండి. మంచు విరిగి వరదొచ్చే రోజులవి, తిన్నెలన్నీ మునిగి ఉంటాయి. సోవియట్ పటాల్లో నదిని గీసేది నీటిమట్టం తగ్గిన కాలానికి. ఆగస్టు చిత్రం పెట్టి చూడండి. అప్పటికీ కలవనివి నిజంగా కదిలిన తిన్నెలే. స్తోల్బ్ రాతి ద్వీపం కాబట్టే కదలలేదు.

పాతనౌక: ఈ డెల్టా పటం తప్పితే ఏమవుతుందో 1881లో తెలిసింది. ధ్రువయాత్రకు వెళ్లిన అమెరికన్ నౌక జానెట్ జూన్‌లో మంచులో నలిగి మునిగాక, కెప్టెన్ డి లాంగ్ మనుషులు మూడు పడవల్లో ఇటే వచ్చారు. సెప్టెంబరు తుపానులో పడవలు విడిపోయాయి. ఒకదాని జాడే లేదు. ఇంజినీరు మెల్విల్ పడవ తూర్పువైపు చేరి, అందులోని 11 మందీ బతికారు. డి లాంగ్ ఉత్తర తీరంలో దిగారు. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ భూగోళవేత్త పీటర్‌మాన్ పటం నకలు. అందులో నదీముఖాలు కొన్నే, నేలమీద పాయలు వందల్లో. మనుషులుండే ఊరు ఎటుందో తేల్చుకోలేక మంచులో నడిచారు. 14 మందిలో, సాయం కోసం ముందు పంపిన నిండెమాన్, నోరోస్ మాత్రమే మిగిలారు. 1820ల్లోనే రష్యా నౌకాధికారి అంజూ ఈ తీరాన్ని కొలిచాడు. అయినా ఆకలితో ఉన్నవాళ్లకి దారి చూపే పటం అరవై ఏళ్లకీ లేకపోవడం తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మెల్విల్ 1882 మార్చిలో వెనక్కెళ్లి వాళ్ల శవాలను వెతికి పట్టుకున్నాడు.

కోనసీమ_కుర్రాడు: అదే ఏడాది అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం (పలు దేశాలు కలిసి ధ్రువప్రాంతాల్లో చేసిన పరిశీలనలు) కోసం రష్యా వాళ్లు డెల్టాలోని సగస్తీర్ ద్వీపంలో పరిశీలన కేంద్రం పెట్టారు కదండీ, 1884 దాకా నడిచింది.

పటాలపిచ్చి: సర్వేరాయి గారూ, ఆగస్టు చిత్రంతో పెద్ద పాయలు చాలావరకు కలిశాయి! డెల్టాలోని ఆర్గా ద్వీపంలో సరస్సుల అంచులను కంట్రోల్ పాయింట్లుగా (పటాన్ని చిత్రంతో జతచేసే గుర్తులుగా) తీసుకోవచ్చా?

సర్వేరాయి: వద్దండి. అడుగున గడ్డకట్టిన నేల కరిగేచోట సరస్సుల ఒడ్డు జరుగుతూనే ఉంటుంది, కొన్ని పూర్తిగా ఎండిపోతాయి. దక్షిణపు అంచున చెకనోవ్‌స్కీ కొండలు, తూర్పున ఖరౌలాఖ్ కొండలు ఉన్నాయి, రాతి నేల. పాయింట్లు అక్కడే పెట్టండి.