థీఫ్ 2014 నాకు నచ్చింది, పాతవి కూడా ఆడాల్నా?

కొత్తనీడ:
నమస్తే అందరికీ. సేల్‌ల థీఫ్ 2014 అనే దొంగతనం చేసే కంప్యూటర్ గేమ్ తక్కువకు వస్తే కొన్న, మొన్న ఆదివారం అయిపోగొట్టిన. నాకైతే మంచిగనే అనిపించింది. వాన, ఇరుకు సందులు, కిటికీలు పెకిలించుడు, మెరిసే గిన్నెలు కొట్టేసుడు, అన్నీ. కానీ ఏ వీడియో కింద చూసినా "ఇది థీఫే కాదు, 1998ది ఆడు, 2000ది ఆడు" అని ఒకటే తిట్లు. పాతదాని బొమ్మలు చూస్తే మనుషుల మొకాలు అగ్గిపెట్టెల లెక్క ఉన్నయి. నిజంగ అంత తేడా ఉందా, చిన్నప్పుడు ఆడినోళ్ళ మురిపెమా? ఐజీఐ ఆడిన, కొత్త హిట్‌మ్యాన్లు ఆడిన. తెలిసిన అన్నలు జర చెప్పుండ్రి.

పట్టీలుతీసినపిల్ల:
అన్నలే కాదు తమ్ముడూ, ఇక్కడ అక్కలూ ఉన్నారు.

మురిపెం కొంత ఉంది, దాచను. కానీ ఒక్క వస్తువు పట్టుకుని చెప్తాను, నువ్వే తేల్చుకో. తాడు బాణం, అంటే పైన గుచ్చుకుంటే ఎక్కడానికి తాడు జారే బాణం. 2014 దాంట్లో దాన్ని ఎక్కడెక్కడ వాడావో గుర్తు తెచ్చుకో. పైన ఒక దూలానికి ముందే తాడు చుట్టి పెట్టి ఉంటుంది. అక్కడ కొడితే పనిచేస్తుంది, పక్క దూలానికి కొడితే పనిచేయదు. అంటే బాణం పేరుతో నీ చేతికి ఇచ్చింది తాళంచెవి. ఏ తాళానికి వెయ్యాలో కూడా వాళ్ళే చెప్పారు.

1998 దాంట్లో చెక్క అయితే చాలు. దూలం, అటక, గుమ్మం పైన కమ్మీ, ఎక్కడ గుచ్చుకుంటే అక్కడి నుంచి తాడు జారుతుంది. రాతికి కొడితే గుచ్చుకోదు. పైకి ఎక్కాక వంగి దాన్ని పీక్కుని మళ్ళీ సంచిలో వేసుకోవచ్చు. దాంతో ఏ గదిలోకి వెళ్ళినా ముందు తల ఎత్తి చూడటం అలవాటయిపోతుంది: పైన ఉన్నది చెక్కా, రాయా? ఆ తర్వాత తల దించి నేల చూస్తాం. తివాచీ అయితే హాయి. పలకలైతే మెల్లగా. ఇనుప రేకు అయితే దేవుడా. కాపలావాడి చెవికి ఏం వినబడుతుందో నీ కాలి కింద ఏముందో దాన్ని బట్టే.

ఇది నాకు కొత్త కాదు. మా అన్నయ్య సెలవులకు వస్తూ సీపీయూని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. పగలంతా వాడిదే. రాత్రి అందరూ పడుకున్నాక నాది. మధ్య గదిలో నాయనమ్మ. పట్టీలు విప్పి దిండు కింద పెట్టి బయల్దేరేదాన్ని. మొదటి రోజు నాపరాళ్ళ మీద చప్పుడవుతుందని తెలివిగా నాయనమ్మ ఈతచాప అంచు మీద కాలేశాను. కరకరమంది! "ఎవరే అదీ" అని లేచి కూచుంది. చల్లటి రాయే నయమని ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆటలోని దొంగ గ్యారెట్‌ని నడిపిస్తుంటే, వాడు పలకల మీద టకటకమన్నప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టేదాన్ని.

2000లో వచ్చిన రెండోది, ది మెటల్ ఏజ్, మొదటిదాని సాఫ్ట్‌వేర్ ఇంజన్ మీదే చేశారు. నా లెక్కలో సిరీస్ మొత్తానికి అదే పైమెట్టు. మొదటిదాంట్లో శవాలు, దెయ్యాలు ఎక్కువ. రెండోదాంట్లో దొంగతనం ఎక్కువ. లోకంలోకి యంత్రాల పిచ్చివాళ్ళు వచ్చారు కనుక నేలలు ఇనుపవైపోయాయి, గోడల మీద కెమెరాలు మొలిచాయి, కాగడాల చోట చాలావరకు కరెంటు దీపాలు వచ్చాయి. నీటి బాణంతో కాగడా ఆర్పగలవు కానీ కరెంటు దీపాన్ని ఏం చేస్తావు, స్విచ్చి వెతుక్కోవాలి. మరమనిషిని తల మీద కొట్టి పడుకోబెట్టలేవు, కానీ వీపున పొయ్యి ఉంటుంది. దాంట్లోకి నీటి బాణం వెయ్యి. తుస్సు. పాత వస్తువుకు కొత్త పని. సీక్వెల్ అంటే ఇదీ! లైఫ్ ఆఫ్ ద పార్టీ అనే మిషన్‌లో ఊరంతా ఇళ్ళ కప్పుల మీదే దాటి ఏంజెల్‌వాచ్ అనే బురుజు చేరాలి. ఏ కప్పు మీది నుంచి ఏ కిటికీలోకి దూరాలో ఎవడూ చెప్పడు.

రెండోది మార్చిలో వచ్చింది, ఆ మేలోనే ఈ రెండూ చేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియో మూతబడింది. 2004లో మూడోది, డెడ్లీ షాడోస్, అయాన్ స్టార్మ్ అనే స్టూడియో వాళ్ళ చేతిలో వచ్చింది. ఎక్స్‌బాక్స్ కన్సోల్ మెమరీలో పట్టాలి కనుక లెవెళ్ళను ముక్కలు చేసి మధ్యలో పొగమంచు తెర పెట్టారు. తాడు బాణం తీసేసి గోడలెక్కే గ్లవ్స్ ఇచ్చారు. ఈత కూడా పోయింది, నీళ్ళలో పడితే చావే. మూడు ఆటల దొంగ, నీళ్ళలో పడి చస్తాడు!

2014 దాన్ని మరీ తిట్టను. చేతులు ఎంత బాగా గీశారో. కానీ దూకడానికి బటన్ తీసేశారు, ఎక్కడ దూకాలో ఆటే నిర్ణయిస్తుంది. పాతదాంట్లో మ్యాప్ అంటే చేత్తో గీసిన, సగం ఖాళీ కాగితం. నాకు ఒకటే అనిపిస్తుంది: ఎక్కడికైనా ఎక్కనిస్తే ప్రతి కప్పు మీదా ఏదో ఒకటి పెట్టాలి. ఆ ఖర్చు ఎవరికీ ఇష్టం లేదు.

బొగ్గుదీపం:
అక్క చెప్పిన దాంట్లో చాలావరకు రైటే గానీ మూడోదాన్ని ఈతతో తేల్చేస్తే ఎలాగండీ? కాపలావాడు కాగడా పట్టుకుని నడుస్తుంటే నీడలన్నీ గోడల మీద కదులుతాయి, నువ్వు దాక్కున్న చీకటి నీ మీద నుంచి జారిపోతుంది. ఇది మొదటి రెండింట్లో లేదు. ఇక దాంట్లోనే షేల్‌బ్రిడ్జ్ క్రేడిల్ అనే మిషన్ ఉంది కదా, అనాథాశ్రమం, పిచ్చాసుపత్రి రెండూ అయిన భవనం. మొదటి సగంలో శత్రువు ఒక్కడూ ఉండడు, ఉత్త చప్పుళ్ళే. ఎవడూ లేడని తెలిసి కూడా నేను పావుగంట ఒక మూలన కూర్చున్నా. అక్క తాడు కోసం ఏడుస్తుంది, నేను క్రేడిల్ కోసం మిగతావన్నీ క్షమిస్తా.

పట్టీలుతీసినపిల్ల:
క్రేడిల్ విషయంలో చేతులెత్తేశాను. పగటిపూట ఆడాను నేను దాన్ని, కిటికీలు తీసి.

నాలుగోమెట్టు:
పని మాట ఒకటి. పాత రెండూ కొత్త విండోస్‌లో కొన్నంతనే సరిగ్గా నడవకపోవచ్చు. మొదటిదానికి టీఫిక్స్, రెండోదానికి టీ2ఫిక్స్, మూడోదానికి స్నీకీ అప్‌గ్రేడ్ ఎక్కించుకో, మూడూ ఫ్యాన్లు చేసిన ప్యాచ్‌లే. మూడోదాంట్లో ఆ పొగమంచు తెరలు కూడా తీసేసెయ్యొచ్చు. 2014 మళ్ళీ ఆడితే కస్టమ్ డిఫికల్టీలో వస్తువుల్ని మెరిపించి చూపే ఫోకస్, తెర మీది గుర్తులు అన్నీ ఆపేసి చూడు, వేరే ఆట లెక్కుంటది.

కొత్తనీడ:
అక్కా, నిన్న రాత్రి మొదటిది షురూ చేసిన. బాఫర్డ్ దొర బంగ్లా. గేటు కాడ ఇద్దరు కాపలోళ్ళు ఎలుగుబంట్ల కొట్లాట గురించి మాట్లాడుకుంటుంటే చీకట్ల నిలబడి మొత్తం ఇన్న. లోపలికి పోయినంక తివాచీ అయిపోయింది చూసుకోలే, పలకల మీద ఉరికిన. ముగ్గురు ఎంబడి పడ్డరు. మొకాలు అగ్గిపెట్టెల లెక్క ఉన్నయని మళ్ళ అనను. ఐజీఐల లెక్క కాదు, ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, నయం. ఒక కరెంటు దీపానికి మూడు నీటి బాణాలు దండగ చేసిన, అది మాత్రం నువ్వు చెప్పినంక కూడ.

పట్టీలుతీసినపిల్ల:
మూడేనా? నేను ఐదు.