పాత హాల్లో ‘సైకో’ వేస్తున్నారు, అమ్మని తీసుకెళ్లొచ్చా?

తిరుచానూరు కుర్రాడు:
ఈ ఆదివారం తిరుపతిలోని ఒక పాత సింగిల్ స్క్రీన్ హాలు మాట్లాడుకుని, హాలీవుడ్ డైరెక్టర్ హిచ్‌కాక్ 1960లో తీసిన భయపెట్టే సినిమా ‘సైకో’ వేయిస్తున్నాం. నేను చూడలేదు, కథ ఎవరూ చెప్పొద్దు ప్లీజ్. అమ్మ పెళ్లికి ముందు ఆ హాల్లోనే నేల టికెట్ కొని సినిమాలు చూసేదట, తనూ వస్తానంటోంది. ఇంగ్లీషు పెద్దగా రాదు, బీపీ ఉంది. ఫోన్లో చూస్తే పోయేదానికి ఇంత హడావుడి ఎందుకని అన్నయ్య గొణుగుతున్నాడు.

లీలామహల్ సర్కిల్:
ఫోన్లో వద్దు తమ్ముడూ. నేను ముందు లాప్‌టాప్‌లో చూశా, తర్వాత చెన్నైలో హాల్లో చూశా. కథ చెప్పను కానీ ఒకచోట ఒకతను కారుని ఊబిలోకి తోసి, ఏదో నములుతూ చూస్తుంటాడు, అది మెల్లగా మునిగి మునిగి సగంలో ఆగిపోతుంది. హాలంతా ఊపిరి బిగబట్టేసింది. మళ్లీ కదిలి మునిగిపోగానే నా పక్కన పెద్దాయన ‘అప్పాడా’ అన్నాడు. అతను చేసేది తప్పుపని, అయినా అది సాగాలని అంతమందిమీ కోరుకున్నాం! లాప్‌టాప్‌లో అదే సీన్ దగ్గర నేను పాజ్ చేసి నీళ్లు తాగొచ్చా.

అలిపిరి అక్క:
అమ్మని తప్పకుండా తీసుకెళ్లు నాయనా. అందరూ భయపడే బాత్రూమ్ సీన్‌లో అసలు ముక్క ఓ 45 సెకన్లే ఉంటుంది, ఆ సీన్ తీయడానికి మాత్రం 7 రోజులు పట్టింది, అందులో రక్తం చాక్లెట్ సిరప్. ముందే ఈ మాట చెవినెయ్యి. అయితే భయపెట్టేది రక్తం కాదు, ఆ వయొలిన్ల అరుపు, అందుకని బీపీ మాత్ర వేసుకునే రమ్మను, స్పీకర్ల పక్కన కూర్చోబెట్టకు. భాష పెద్ద అడ్డం కాదు, చాలావరకు ముఖాలు చూస్తేనే తెలిసిపోతుంది. చివర్లో ఒకాయన చాలాసేపు మాట్లాడతాడు, అదొక్కటి ఇంటికొచ్చాక తెలుగులో చెప్పు.

కొర్లగుంట:
ఇంటర్వెల్ వద్దని ఆపరేటర్‌కి ఇప్పుడే చెప్పండి. మొత్తం 109 నిమిషాలే. నేను చూసినప్పుడు సరిగ్గా టెన్షన్ పట్టుకున్న చోట లైట్లేసి సమోసాలు తెచ్చారు, ఇప్పటికీ బాధే. సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ అప్పట్లో థియేటర్లకి గట్టిగా చెప్పాడు, మీరూ అదే చేయండి. మ్యాట్నీ అయితే పక్క తలుపులు తీసినప్పుడల్లా ఎండ తెరమీద పడుతుంది, బ్లాక్ అండ్ వైట్ బొమ్మ వెలిసిపోతుంది, ఫస్ట్ షో పెట్టుకోండి.

తిరుచానూరు కుర్రాడు:
థాంక్స్ అక్కా, అన్నలూ. ఫస్ట్ షోకి మార్చాం, ఇంటర్వెల్ లేదు. అమ్మ మాత్ర వేసుకుంటానంది కానీ బాల్కనీ మాత్రం వద్దంట, ముందు వరసలోనే కూర్చుంటుందట.