పాపకి ‘మాయా’ అని పెడదామంటే ఇంట్లో గొడవ. ఈ పేరు పెట్టినవాళ్లు ఉన్నారా?

డాలస్_కాబోయే_నాన్న
మే మూడో వారంలో డెలివరీ. అమ్మాయి అని ఇక్కడ ముందే చెప్పేశారు. మా ఆవిడకి గ్రీకు కథల పిచ్చి. అట్లాస్ ఏడుగురు కూతుళ్లలో పెద్దదైన మాయా పేరు పట్టుకుని కూర్చుంది. హెర్మీస్ అనే గ్రీకు దేవుడికి తల్లి ఈవిడే. మే నెలకి ఆ పేరు కూడా ఈవిడ వల్లే వచ్చిందంటారు. ఇక్కడివాళ్లకి నోరు తిరుగుతుంది, మనవాళ్లకి కొత్తగా ఉండదు అని నేనూ సరే అన్నాను. మొన్న వీడియో కాల్‌లో అమ్మకి చెప్తే, “మాయ ఏంట్రా? కాన్పయ్యాక పడేది మాయ. అది పిల్లకి పెడతారా ఎవరైనా?” అంది. అప్పట్నుంచి మా ఆవిడకీ అదే గుర్తొస్తోందట. ఏం చేయమంటారు?

గోదారి_పిల్ల
మా పెద్దది మాయ, ఆరేళ్లు. మేముండేది న్యూజెర్సీలో. క్లాసులో ఇంకో మాయా ఉంది, వాళ్లది మెక్సికో. అందుకని టీచర్ ఇంటిపేరు మొదటి అక్షరం కలిపి పిలుస్తుంది. అంతకుమించి ఇబ్బందేం లేదు. ఇంట్లో అల్లరి చేస్తే మా అత్తగారు “మాయదారి పిల్లా” అంటారు. అది తిట్టో పిలుపో దానికి తెలీదు, “ఆఁ నానమ్మా” అని పలుకుతుంది.

లెక్కల_మాస్టారు
అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ సంస్థ వాళ్లు ఏటా మే నెలలో పేర్ల జాబితా వదులుతారు. ‘వై’తో రాసే మాయా చాలా ఏళ్లుగా అమ్మాయిల మొదటి వందలో ఉంటోంది. గ్రీకు పద్ధతిలో ‘ఐ’తో రాసేది బాగా వెనక. వాళ్లు ఒక్కో స్పెల్లింగ్‌ని విడి పేరుగా లెక్కేస్తారు కాబట్టి, పార్కులో మీ చెవిన పడే మాయాలు ర్యాంకు చూపించేదానికన్నా ఎక్కువే. అలాగని వాళ్లంతా గ్రీకు మాయాలు కాదు. మన సంస్కృతం మాయ ఉంది, ఇజ్రాయెల్‌లోనూ ఈ పేరు బాగా పెడతారు. అమెరికా రచయిత్రి మాయా ఏంజెలో అసలు పేరు మార్గరీట్. చిన్నప్పుడు వాళ్లన్న ‘మై సిస్టర్’ అనబోయి పలికిన పిలుపే చివరికి పేరైంది.

రాత్రి_ఆకాశం
అట్లాస్ ఏడుగురు కూతుళ్లంటే మన కృత్తికలే. మా ఊళ్లో పిల్లలకోడి అనేవారు. ఆ గుంపులో మాయా అనే చుక్క కూడా ఉంది, వెలుగులో నాలుగోది. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు. 1885లో పారిస్‌లో హెన్రీ సోదరులు ఫొటో తీస్తే, అప్పటిదాకా ఎవరి కంటికీ ఆనని పల్చటి మబ్బు దాని చుట్టూ ఫొటో ప్లేటు మీద కనబడింది.

నాకు నచ్చింది మాత్రం ఇది: కుమారస్వామికి పాలిచ్చి సాకింది కృత్తికలు. అక్కడ గ్రీకు కథలో కల్లిస్టో అనే ఆవిడ ఎలుగుబంటిగా మారిపోతే, ఆమె కొడుకు అర్కాస్‌ని దేవతల రాజు జూస్ తెచ్చి మాయా చేతుల్లో పెట్టాడు. ఒకే చుక్కలు, రెండు చోట్లా పరాయి బిడ్డను పెంచిన కథే. (ఎవరిది ముందు అనే వాదన ఇక్కడ మొదలుపెట్టకండి, దండం.)

మే మూడో వారమంటే కృత్తిక కార్తె. సూర్యుడు సరిగ్గా ఆ చుక్కల దగ్గరే ఉంటాడు, అందుకే అవి కనబడవు. పాపకి ఆర్నెల్లు నిండాక, నవంబరులో రాత్రి ఎత్తుకెళ్లి చూపించండి.

పంచాంగం_పద్మ
కార్తెకీ జన్మ నక్షత్రానికీ ముడిపెట్టకండి. పాప నక్షత్రం చంద్రుణ్ణి బట్టి. మఖ మొదటి పాదమైతే ‘మా’ చక్కగా కుదురుతుంది. కృత్తిక అయితే ఆ, ఈ, ఊ, ఏ. తమాషా చూడండి, కృత్తికల్లో ఉన్న మాయా పేరు కృత్తిక అక్షరాల్లో లేదు! ఇంకో సంగతి, అక్కడ ఇంటికి పంపేలోపే ఆసుపత్రిలో జనన పత్రం ఫారం ముందు పెడతారు, బారసాల దాకా ఆగరు. ఒక పేరు సిద్ధంగా ఉంచుకోండి.

పాత_పుస్తకాలు
మీ అమ్మగారు అన్నదాంట్లో సగం నిజముంది. పాత గ్రీకులో ‘మాయా’ అంటే దాది, పెంపుడు తల్లి, మంత్రసాని. సోక్రటీస్ తల్లి మంత్రసాని. తనదీ అదే వృత్తి అనీ, మనుషుల మనసుల్లోని ఆలోచనలకు పురుడు పోస్తాననీ ఆయన అన్నట్టు ప్లేటో రాశాడు. తెలుగు మాయకీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు, కానీ రెండూ పురిటిగది మాటలే.

డాలస్_కాబోయే_నాన్న
పై మాట నిన్న అమ్మకి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నువ్వు పుట్టింది మంత్రసాని చేతుల్లోనే. మాయ తొందరగా పడలేదని తెల్లారేదాకా నా పక్కనే కూర్చుంది, కాఫీ కూడా ముట్టలేదు” అంది. ఆవిడ పేరేంటని అడిగాను. గుర్తు లేదంది. ఊళ్లో అందరూ మంత్రసాని అనే పిలిచేవారట.

పేరుకి అమ్మ అడ్డు చెప్పడం మానేసింది. ఇప్పుడు గొడవ ‘వై’నా ‘ఐ’నా అని.

గోదారి_పిల్ల
‘వై’ పెట్టెయ్ తమ్ముడూ. ‘ఐ’ పెడితే మనవాళ్లు ‘మైయా’ అని చదువుతారు.