అప్‌డేట్: ట్రక్కులో పదేపదే వస్తున్న పీ0420 కోడ్ సంగతి

క్లియర్ చేసిన ప్రతిసారీ పీ0420 (క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పని చేయట్లేదని ట్రక్కు కంప్యూటర్ ఇచ్చే కోడ్) మళ్లీ వచ్చేస్తోంది, ఆ కన్వర్టర్ని, అంటే ఎగ్జాస్ట్‌లో విషవాయువులు తగ్గించే భాగాన్ని, మార్చేయాలా అని అడిగాను కదా, మార్చక్కర్లేదండీ! ముందు ఎగ్జాస్ట్ లీకు చూడమన్నవాళ్లు చెప్పిందే కరెక్ట్. స్మోక్ టెస్ట్ (ఎగ్జాస్ట్ పైపులోకి పొగ పంపి లీకు వెతకడం) చేయిస్తే కన్వర్టర్ తర్వాత ఉండే వెనక ఆక్సిజన్ సెన్సార్‌కి కాస్త ముందున్న గ్యాస్కెట్ దగ్గర సన్నగా పొగ బయటికొచ్చింది, అంటే అక్కడ బయటి గాలి లోపలికి లాక్కుని సెన్సార్ తప్పుడు రీడింగ్ ఇస్తోంది, కంప్యూటరేమో కన్వర్టర్ పని చేయట్లేదనుకుంటోంది. స్కానర్ లైవ్ డేటాలో వెనక సెన్సార్ కూడా ముందు సెన్సార్ లాగే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండేది, గ్యాస్కెట్ మార్చాక ఇప్పుడు కన్వర్టర్ బాగుంటే ఉండాల్సినట్టే 0.7 దగ్గర నిలకడగా ఉంది, అది చూశాక ప్రాణం లేచొచ్చింది నిజంగా.

ఒక్క మాట, కోడ్ క్లియర్ చేస్తే చెక్ ఇంజిన్ లైట్ ఎలాగూ ఆరిపోతుంది, దాన్ని నమ్మకండి. స్కానర్ రెడీనెస్‌లో క్యాటలిస్ట్ మానిటర్ (కన్వర్టర్ మీద కంప్యూటర్ తనంతట తాను చేసే పరీక్ష) కంప్లీట్ అని వచ్చేదాకా సిటీలోనూ హైవే మీదా మామూలుగా నడిపి చూడండి. నాది కంప్లీట్ అయింది, కోడ్ రాలేదు. మిస్‌ఫైర్ (ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కోడ్స్ ఉన్నవాళ్లు మాత్రం ముందు అది సరిచేయించుకోండి, లేకపోతే కొత్త కన్వర్టర్ వేసినా కాలిపోతుంది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్సండీ.