నాలుగు కాలేజీలు కలిసి ఈబుక్స్ కొంటే ఎలా ఉంటుంది? తిరుపతి, చిత్తూరు లైబ్రేరియన్లు చెప్పండి

తిరుచానూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. తిరుపతి చుట్టుపక్కల నాలుగు డిగ్రీ కాలేజీల వాళ్లం కలిసి ఈ ఏడాది ఈబుక్స్ కొందామనుకుంటున్నాం. విడివిడిగా అడిగితే ఏజెంట్ చెప్పే రేటు మా బడ్జెట్‌కు అందట్లేదు. కాలేజీలకు ఆన్‌లైన్‌లో ఈబుక్స్ ఇచ్చే ప్రభుత్వ పథకం ఎన్-లిస్ట్‌లో మేమూ సభ్యులమే. కానీ బీకాం పిల్లలు అడిగే సిలబస్ పుస్తకాలన్నీ అందులో దొరకవు. ఇలా కలిసి కొన్నవాళ్లు ఎక్కడ దెబ్బతిన్నారో కాస్త చెప్పండి.

పలమనేరు మేడమ్:
మేం మూడు కాలేజీలం కలిసి కొన్నాం సార్. రేటు తగ్గిందని సంబరపడి లైసెన్స్ సరిగ్గా చదవలేదు. పరీక్షల ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఒకమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. స్క్రీన్‌షాట్ పంపింది. 'ఈ పుస్తకం ప్రస్తుతం వేరొకరి దగ్గర ఉంది' అని. మూడు కాలేజీలకూ కలిపి ఆ అకౌంటెన్సీ పుస్తకం ఒక్కసారికి ఒక్కరే చదవాలి! ఎవరో తీసుకుని తిరిగి ఇవ్వకుండా వదిలేశారు. పొద్దున ఏడింటికే లైబ్రరీ తాళం తీయించి ప్రింటు కాపీ ఆ అమ్మాయి చేతికిచ్చాను. మిగతా పిల్లల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే చెబుతున్నా. సిలబస్ పుస్తకాలకు ఎంతమందైనా ఒకేసారి చదివే లైసెన్సే అడగండి. అది కుదరకపోతే పుస్తకాల సంఖ్య తగ్గించుకుని, బాగా నడిచేవాటికి కాపీలు పెంచండి. ఏ పుస్తకం ఎంతమందికి దొరకలేదో చెప్పే 'టర్న్‌అవే' రిపోర్ట్ నెలనెలా ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించండి. మేం రెండో ఏడాది ఆ రిపోర్ట్ చూసే కొన్నాం, టెన్షన్ చాలా తగ్గింది.

చిత్తూరు రిటైర్డ్ లైబ్రేరియన్:
మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. కలిసి కొనడం మనకు కొత్త కాదు. 2003లో ఐఐటీల లాంటి సంస్థలు కలిసి జర్నల్స్ తెప్పించుకోవడానికి కేంద్రం ఇండెస్ట్ అనే కూటమి పెట్టింది, యూనివర్సిటీలకు అలాంటిదే యూజీసీ-ఇన్ఫోనెట్ వచ్చింది. ఇప్పుడు 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది కదా, ఇక మనం కొనేదేముంది అని ప్రిన్సిపాళ్లు అడుగుతారు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేసింది, అదీ పరిశోధన జర్నల్స్ కోసం. బీకాం పిల్లల టెక్స్ట్‌బుక్ దాంతో రాదు. ఈ ముక్క కమిటీకి ముందే చెప్పండి, లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

ఇంకోటి. కొన్న పుస్తకం మనదేనా, అద్దెదా? 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ అమెరికాలో లైబ్రరీలకిచ్చే ఈబుక్‌ను 26 సార్లు ఇష్యూ చేశాక మళ్లీ కొనుక్కోవాలని షరతు పెట్టింది. కొన్ని లైసెన్సులు రెండేళ్లకే అయిపోతాయి. 'పర్పెచ్యువల్', అంటే శాశ్వతం అని రాసున్నా, పుస్తకాలు తెరిచే వెబ్‌సైట్‌కు ప్లాట్‌ఫామ్ ఫీజు ఏటా కట్టాలేమో చూసుకోండి.

శ్రీకాళహస్తి నుంచి:
మాకు ఆడిట్‌లో ఇబ్బంది వచ్చింది. బిల్లు ఒక కాలేజీ పేర, చదివేది మూడు కాలేజీలు. 'పుస్తకం ఎక్కడ, స్టాక్ రిజిస్టర్‌లో యాక్సెషన్ నంబర్ (ప్రతి పుస్తకానికీ లైబ్రరీ ఇచ్చే వరుస నంబర్) ఏది?' అన్నారు. ఎవరి వాటాకు వాళ్ల పేర బిల్లు తీసుకోండి, ఈబుక్స్‌కు వేరే రిజిస్టర్ పెట్టండి. ఒక కాలేజీ మధ్యలో తప్పుకుంటే వాళ్ల వాటా ఎవరు కట్టాలో కూడా ముందే రాసుకోండి.

కుప్పం స్కాలర్:
చదివేవాళ్ల తరఫున ఒక మాట. క్యాంపస్ వైఫైలోనే తెరుచుకునే పుస్తకం మాకు అక్కరకు రాదు. సాయంత్రం బస్సెక్కి ఊరికి పోయేవాళ్లమే ఎక్కువ. ఇంట్లో ఫోన్‌లో తెరుచుకోవాలి. ఆఫ్‌లైన్‌లో ఒక్క చాప్టరైనా దించుకోనివ్వాలి. తెలుగు పుస్తకాలు కూడా అడగండి సార్, ఏ ప్యాకేజీ చూసినా అంతా ఇంగ్లీషే. తెలుగు ఎంఏ పిల్లలం మేమూ ఫీజు కడుతున్నాం కదా.

తిరుచానూరు రోడ్డు:
మా కొటేషన్ ఇప్పుడే తీసి చూశాను మేడమ్. పన్నెండో పేజీలో మీరన్నదే ఉంది, ఒకసారికి ఒక్కరే! సంతకం పెట్టడానికి రెండు రోజులే ఉంది. ఏజెంట్‌కు ఫోన్ చేసి ఆపించాను. నలభై పుస్తకాల లిస్టును పదిహేనుకు తగ్గించి, అందరూ ఒకేసారి చదివే రేటు అడిగాను. కుప్పం తమ్ముడూ, తెలుగు పుస్తకాలకు నాలుగు కాలేజీల తెలుగు శాఖలనూ సోమవారం లిస్టు ఇమ్మన్నాను, నీకు కావాల్సినవి కూడా ఇక్కడే రాయి. చిత్తూరు సార్, ప్లాట్‌ఫామ్ ఫీజు సంగతి ఏజెంట్ రాతపూర్వకంగా చెప్పగానే ఇక్కడ పెడతాను.