చర్మకణంతో అమ్మ చూపు తిరిగి వస్తుందా?

ప్రశ్న (ప్రొద్దుటూరు, కడప జిల్లా):
మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. మాక్యులా (కంటి వెనుక వెలుగును గ్రహించే పొర అయిన రెటీనా మధ్యభాగం) దెబ్బతినడం వల్ల ఎదుటి మనిషి ముఖం మధ్యలో మసకగా ఉంటుందని, ఓరగా చూస్తేనే ఆనవాలు పడుతున్నానని అంటుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రి తరఫున ఫోన్ చేసిన వ్యక్తి, ఆమె పొట్ట కొవ్వు నుంచి మూలకణాలు (స్టెమ్ సెల్స్) తీసి కంట్లోకి ఎక్కిస్తామని, జపాన్‌కు నోబెల్ తెచ్చిన పద్ధతి ఇదేనని చెప్పారు. చర్మకణాలను మూలకణాలుగా మార్చడం గురించి నేనూ చదివాను. ఈ రెండూ ఒకటేనా?

జవాబు (అనంతపురం, జీవశాస్త్ర అధ్యాపకుడు):
ఒకటి కాదండీ. క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనకా బృందం 2006లో ఎలుక కణాలలో, 2007లో మనిషి చర్మకణాలలో నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, అవి తమ చర్మపు గుణాన్ని వదిలి, పిండదశ కణాల మాదిరి దేహంలోని ఏ కణంగానైనా మారగల స్థితికి చేరేటట్టు చేసింది. 2012 నోబెల్ బహుమతిని యమనకా, జాన్ గర్డన్‌తో పంచుకున్నారు. కొవ్వు నుంచి తీసి అప్పటికప్పుడు ఎక్కించే కణాలకు ఈ మార్పేదీ జరగదు.

అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. అలా మార్చిన మూలకణాన్ని నేరుగా శరీరంలో పెడితే టెరటోమా అనే కంతి పెరగవచ్చు. కాబట్టి ప్రయోగశాలలో వారాల తరబడి పెంచి, రెటీనా వెనుక ఉండే వర్ణక కణాలుగా మలచి, మారకుండా మిగిలినవాటిని తొలగించి, జన్యువులను పరీక్షించిన మీదటే వాడాలి. 2014లో జపాన్‌లోని కోబెలో కంటి పరిశోధకురాలు మసాయో తకహాషి బృందం ఒక వృద్ధురాలికి ఆమె చర్మం నుంచే పెంచిన పొరను అమర్చింది. చూపు మరింత క్షీణించలేదు గానీ, పెరగనూ లేదు. రెండో రోగి కణాలలో జన్యుమార్పులు కనిపించడంతో అమర్చడం మానుకున్నారు. ఆ వెనుకంజను నేను వైఫల్యంగా చూడను.

జవాబు (కర్నూలు):
ఫ్లోరిడాలో 2015లో ఇలాగే కొవ్వు కణాలను రెండు కళ్లలోనూ ఎక్కించుకున్న ముగ్గురు మహిళలు ఉన్న చూపునూ పోగొట్టుకున్నారు. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినవన్నీ పరిశోధన కిందికే వస్తాయి. అటువంటి ప్రయోగ చికిత్స సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టికలో) నమోదు కావాలి, రోగి దగ్గర రుసుము తీసుకోకూడదు. ఆ నమోదు సంఖ్య అడగండి. మీ అమ్మగారిది తడి రకమా (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి స్రవించేది), పొడి రకమా (అలా స్రవించకుండా మెల్లగా క్షీణించేది)? తడి రకమైతే అందుబాటులో ఉన్న ఇంజెక్షన్లకు ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు:
రిపోర్టులో కుడి కన్ను పొడి రకమని, ఎడమది తడి రకమని ఉంది. సోమవారం రెటీనా వైద్యుణ్ణి కలుస్తున్నాం. నమోదు సంఖ్య అడిగితే, "ముందు అడ్వాన్సు కట్టండి" అన్నారు.