కుండీలో తంగేడు ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. పోయినేడు మా ఊళ్లో చెలక గట్టు మీద నుంచి తంగేడు మొక్క పీక్కొచ్చి నాటితే వారంలో ఎండిపోయింది. ఈసారి గింజలు తెచ్చి ఇరవై వేస్తే రెండే మొలిచాయి, ఒకటి బతికి జానెడున్నర అయింది. కోకోపీట్, వర్మీ కంపోస్టు సగం సగం కలిపి పోశాను, రోజూ నీళ్లు పోస్తున్నాను, పది రోజులకోసారి వేపపిండి కూడా. తూర్పు బాల్కనీ, తొమ్మిదిన్నర దాకా ఎండ వస్తుంది. అయినా కింది ఆకులు రాలుతూనే ఉన్నాయి. ఈ బతుకమ్మకు నాలుగు పూలైనా ఇంట్లో కోయాలని మా అత్తమ్మ ఆశ. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా, గారాబం ఎక్కువైంది, అంతే. బీళ్లలో, మొరం నేలల్లో ఎవరూ చుక్క నీళ్లు పోయకుండా బతికే మొక్క అది. కోకోపీట్ తడిని పట్టుకుని వదలదు, దానిమీద రోజూ నీళ్లంటే వేళ్లకు గాలి ఆడక కుళ్లడం మొదలవుతుంది, ఆకు పసుపెక్కడం దానివల్లే అయి ఉంటుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, గుప్పెడు మాగిన పశువుల ఎరువు, ఇది చాలు. వేపపిండి ఆపేయండి. మా పెద్దవాళ్లు తంగేడు రొట్ట కోసి వరిమడిలో తొక్కేవాళ్లు, పొలానికే ఎరువయ్యే మొక్కకు మీరు ఎరువేస్తున్నారు! వేలు గుచ్చి చూసి లోపల పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. ఇక ఎండ, రోజుకు ఆరు గంటలైనా కావాలి, మిద్దె మీదికి ఎక్కించండి, లేకపోతే సన్నగా సాగిపోతుందే తప్ప పూయదు. కుండీ మార్చేటప్పుడు మట్టిగడ్డ చెదరనివ్వద్దు. దీని తల్లివేరు లోతుకు దిగుతుంది, తెగితే మళ్లీ కోలుకోవడం కష్టం, గట్టు మీద నుంచి పీక్కొచ్చింది పోయింది కూడా అందుకే.

ఇంకొకరి జవాబు: ఇరవైకి రెండే మొలిచాయంటే గింజ తప్పు కాదు, పెంకు గట్టిది. సాండ్ పేపర్ మీద ఒక పక్క కొద్దిగా రుద్ది రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి. లోతైన కుండీలో నేరుగా వేస్తే మార్చే బాధే ఉండదు. జానెడున్నర మొక్క ఈ ఏడే పూయడం మాత్రం కష్టమే, అత్తమ్మగారికి ముందే చెప్పేయండి.

ప్రశ్న అడిగినవారు: మట్టి మార్చాను, మిద్దె మీద పెట్టాను. ఆకుల మీద పచ్చ పురుగులున్నాయి, మందు కొట్టాలా? పక్కింటివాళ్లు నర్సరీలో తంగేడని కొన్నది చెట్టంత అవుతోంది, అదీ ఇదీ ఒకటేనా?

జవాబు: లేత పసుపు సీతాకోకచిలుకలు తంగేడు జాతి ఆకుల మీద గుడ్లు పెడతాయి, ఆ పురుగులు వాటి పిల్లలే అయి ఉంటాయి. మొక్క చిన్నది కాబట్టి చేత్తో ఏరేయండి, పెద్దదైతే తిననివ్వండి, మళ్లీ చిగురిస్తుంది. పక్కింటిది సీమ తంగేడు అయి ఉండొచ్చు. మన తంగేడు పొదలా ఉంటుంది, ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో చిన్న రెక్కలుంటాయి, అది చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: చెవులున్నాయి, మాది అసలుదే! కానీ నాలుగు రోజులుగా నీళ్లు పోయలేదు, సాయంత్రం కాగానే ఆకులన్నీ ముడుచుకుంటున్నాయి, ఎండిపోతోందేమో?

జవాబు: నిద్రపోతోందక్కా. పొద్దున్నే విప్పుకుంటుంది, చెంబు కింద పెట్టండి.